పొగ గొట్టం కట్టిన కోడలు

ఆ రోజుల్లో నేను గాలిని కూడా నమ్మేదాన్ని కాదు. పాప పుట్టిన కొత్త. నీళ్ళయితే కాచి చల్లార్చవచ్చు, పాలయితే వడగట్టవచ్చు, గుడ్డలయితే వేడినీళ్ళలో ముంచి ఎండలో ఆరేయవచ్చు. గాలిని ఏం చేయాలో మాత్రం నాకు తోచేది కాదు. బిడ్డ నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి వస్తోందా లేదా అని చూసుకునేదాన్ని. వస్తోందని తేలాక, లోపలికి పోయే ఊపిరిలో ఏమేం ఉన్నాయోనని ఇంకో దిగులు మొదలయ్యేది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినందుకు ఆ దిగులుకు పేర్లు కూడా తెలుసు. (పేరు తెలియని భయం నాలుగు రోజులుండి పోతుంది. పేరు తెలిసిన భయం ఇంట్లో మనిషిలాగా తిష్ట వేస్తుంది.) ఇప్పుడు పాప బడికి పోతోంది, దాని వెనకాల తమ్ముడొకడు పుట్టాడు, ఇద్దరినీ పడుకోబెట్టి ఇది రాస్తున్నాను. ఆ ఎండాకాలం నేను చేసిన ఘనకార్యం గుర్తొస్తే, చూసేవాళ్ళు ఎవరూ లేకపోయినా, ఇప్పటికీ కొంగు మొహం మీదికి లాక్కుంటాను.

మా అత్తగారిల్లు ప్రొద్దుటూరు. మా ఆయన నాకు మేనత్త కొడుకే, అందుకని పెళ్ళయినా బావా అనే పిలుస్తాను. బావది మోటారు వైండింగ్ పని. అంగడి అంటూ వేరే లేదు, ఇంట్లో ముందరి గదే అంగడి. కాలిపోయిన మిక్సీలు, ఫ్యాన్లు, కూలర్ మోటార్లు, చాపాడు వైపు రైతులు మోపెడ్ల మీద కట్టుకొచ్చే చిన్న మోటార్లు, అన్నీ ఆ గదిలోనే చేరతాయి. మాడిన పాత తీగ తీసేసి కొత్త రాగి తీగ చుట్టడం ఒక ఎత్తు. చుట్టిన తర్వాత దాని మీద వార్నీష్ పోసి, బల్బులు బిగించిన పాత ట్రంకు పెట్టెలో పెట్టి వేడి మీద ఆరబెట్టడం ఇంకో ఎత్తు. ఆ పెట్టె వేడెక్కినప్పుడు వచ్చే పొగను పొగ అని కూడా అనలేం, కంటికి కనపడదు. ముక్కులో దూరి, గొంతులో దిగి, తలలో కూర్చుంటుంది. ఆ గదికి, పాప ఉయ్యాల ఉన్న గదికి మధ్య ఒక తలుపే అడ్డం. ఆ తలుపు కింద సందులో నేను తడిగుడ్డ కుక్కేదాన్ని, బావ వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ దాన్ని తొక్కుకుంటూ తిరిగేవాడు.

ఇట్లా లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. ఫోన్లో వీడియోలు చూశాను. ఎక్కడో చలి దేశాల్లో మగవాళ్ళు తమ షెడ్లలో పొగను బయటికి పంపే ఏర్పాట్లు చేసుకుంటున్నారు. మాటలు సగం అర్థమయ్యాయి, బొమ్మలు పూర్తిగా అర్థమయ్యాయి. పైన ఒక బుట్ట, బుట్టకు ఒక గొట్టం, గొట్టంలో ఒక ఫ్యాను, గొట్టం చివర ఆకాశం. అంతే కదా అనుకున్నాను. బావ ఎర్రగుంట్ల పాత సామాన్ల అంగట్లో ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పట్టుకొచ్చి, దాని మోటారు కొత్తగా చుట్టి ఇచ్చాడు. గొట్టానికి ప్లాస్టిక్ డ్రైనేజీ పైపు దొరికింది. పెట్టె మీద బోర్లించే బుట్టకు మాత్రం తగినంత వెడల్పు వస్తువు ఎక్కడా దొరకలేదు, మా అత్త బియ్యం నానబెట్టే పెద్ద అల్యూమినియం బేసిను తప్ప. దానికి నడుమ బొక్క కోయించాను. (అత్తకు ముందుగా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ ఇక్కడే సుఖంగా ముగిసేది.)

దోసెలకు నానబెడదామని బేసిను కోసం వెతుక్కుంటూ వచ్చిన అత్త, అది తలకిందులుగా వేలాడుతుంటే తలెత్తి చూసింది. కిందనుంచి దాని బొక్కలోకి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏంది పిల్లా ఇది? కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మన ఇంట్లో కడతాండావా?"

"వార్నీష్ గాలంతా బయటికి పోతాదత్తా. పాపకు మంచిది."

"నీ మొగుడు ఈ గాల్లోనే పుట్టి పెరిగినాడు. ఏమైనాడు? గుండ్రాయి మాదిరి లేడా?"

"బావ దగ్గుతాడు గదత్తా."

"అది దగ్గు కాదులే. వాడు మాట చెప్పే ముందర అట్ల చేస్తాడు."

బావ ఏదో చెప్పబోయి, ముందుగా గొంతు సవరించుకుని, మా ఇద్దరి మొహాలూ చూసి, మళ్ళీ తీగ చుట్టుకోవడంలో పడ్డాడు.

గొట్టాన్ని గోడ పైనున్న వెంటిలేటర్ గుండా పక్క సందులోకి పంపాము. మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఆ సందు ఎంత ఇరుకంటే, మనిషి అడ్డంగా తిరిగి నడవాలి. గొట్టాన్ని అక్కణ్ణుంచి మిద్దె పైదాకా లేపాలన్నది నా అసలు పథకం. కానీ పైపు చాలలేదు. "ఇంగో తుంట తెస్తాలే," అన్నాడు బావ. మిద్దె పైకి పోలేని గొట్టానికి వాన పడకుండా ఉండాలని ఒక వంపు పైపు బిగించి, మూతి కిందికి తిప్పాను. ఆ తెలివి పూర్తిగా నాది. లోపల ఇస్త్రీ బండి దగ్గర తెచ్చిన బొగ్గులను పాత దోమతెర గుడ్డలో మూటగట్టి అడ్డంగా పెట్టాను. బొగ్గు చెడు గాలిని పట్టుకుంటుందని కాలేజీలో చెప్పారు. (ఏ బొగ్గు అన్నది చెప్పిన రోజు నేను క్లాసుకు పోలేదేమో.) గాలి పోతోందో లేదో తెలియడానికి నా పాత చీర పచ్చ అంచు చింపి, ఆ పీలికను గొట్టం మూతికి కట్టాను. స్టూలు ఎక్కి వెంటిలేటర్లోంచి చూస్తే ఆ పీలిక ఒక్కటే కనపడేది. స్విచ్ వేస్తే సోమరిగా కదిలేది. కదిలితే చాలు, నాకు పండగ.

అది చలికాలం చివర. ఎండలు ముదిరేసరికి పీలిక జోరు పెరిగింది. ఊగడం మాని, గాలిపటం తోక మాదిరి సర్రున సాగి నిలబడేది. "చూడు బావా, మోటారు పదునెక్కింది," అన్నాను. బావ స్టూలు ఎక్కి చూసి, తాను చుట్టిన మోటారు మీద తనకే గౌరవం పెరిగినట్టు తల ఊపాడు. గదిలో వాసన నిజంగానే తగ్గిపోయింది. తలుపు కింద తడిగుడ్డ తీసేశాను. జమ్మలమడుగులో ఉన్న మా అమ్మకు వీడియో కాల్లో గొట్టాన్ని మొదటి నుంచి చివరిదాకా చూపించాను. వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చే ముందే గొట్టం చూపించేదాన్ని. ఇంట్లో అందరూ నన్ను ఇంజనీరు అని ఎగతాళి చేస్తుంటే, పైకి విసుక్కుంటూ లోపల మురిసిపోయేదాన్ని.

పక్కింటివాళ్ళ గురించి చెప్పాలి. ఆ ఇంటి పెద్దావిణ్ణి వీధి వీధంతా, ఉర్దూలో పిన్నిని పిలిచినట్టు, ఖాలా అని పిలుస్తుంది, మేమూ అంతే. వాళ్ళాయన కువైట్లో డ్రైవరు. ఒక్కతే కూతురు, మున్నీ. పెళ్ళీడు పిల్ల. జాకెట్ల మీద మగ్గం పని చేసేది, పొద్దంతా వాళ్ళ హాల్లో మగ్గం ముందర వంగి కూర్చుని పూసలు కుట్టేది. కళ్ళు అలిసినప్పుడల్లా మా ఇంటికి పరుగెత్తుకొచ్చి పాపను ఎత్తుకునేది. చెప్పడానికి నాకు కొంచెం కుళ్ళుగానే ఉంటుంది కానీ, మా పాప మొట్టమొదట నోరంతా తెరిచి నవ్వింది నన్ను చూసి కాదు, మున్నీని చూసి.

ఎండలతో పాటు మున్నీకి దగ్గు మొదలైంది. పొడి దగ్గు. మొదట్లో నేను మంచి పొరుగుదానిలాగానే సలహాలిచ్చాను. మిరియాల కషాయం పంపాను. వీధి దుమ్ము పడటం లేదేమోనని, "కిటికీలు, తలుపులు అన్నీ మూసేసుకో, కూలర్ ఒక్కటి పెట్టుకుని దాని ముందర కూచో," అని చెప్పాను. మున్నీ నా మాట తు.చ. తప్పకుండా విన్నది. దగ్గు పెరిగింది. ఖాలా డాక్టరు దగ్గరికి తీసుకుపోతే ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నాడు. ఎర్రగుంట్లలో వాళ్ళ పిన్ని ఇంటికి పోయి కొన్నాళ్ళు ఉంటే తగ్గింది, తిరిగొచ్చిన మర్నాడే మళ్ళీ మొదలు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల పక్కన తగ్గి, మా శుభ్రమైన వీధిలో పెరిగే దగ్గు ఏమిటని నేను ఆలోచించలేదు. నాకు ఆలోచించే తీరిక ఎక్కడిది? నేను భయపడే పనిలో ఉన్నాను. ఫోన్లో దగ్గు గురించి చదివాను. ఎన్ని చదవకూడదో అన్నీ చదివాను.

అప్పటినుంచి మున్నీ వస్తే పాప నిద్రపోతూ ఉండేది. లేదంటే ఇప్పుడే పాలు తాగింది, కదిపితే కక్కుతుంది. లేదంటే ఇప్పుడే నూనె రాశాను, నీ బట్టలు పాడవుతాయి. ఒకసారి మున్నీ నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయి చేతులు చాచింది. పాప కూడా చాచింది. నేను మధ్యలో దూరి, పాపను చంకనేసుకుని, "దీనికి జలుబు చేసింది మున్నీ, నీకు అంటుకుంటాది," అన్నాను. ఆ పిల్ల చాచిన చేతులు మెల్లిగా వెనక్కి తీసుకుని, చున్నీ సర్దుకుంది. "అవునా అక్కా, పాపం," అని వెళ్ళిపోయింది. తర్వాత్తర్వాత రావడమే తగ్గించింది. వస్తే గడప అవతలే నిలబడి, అక్కణ్ణుంచే పాపకు చిటికెలు వేసి పోయేది.

అది చాలదన్నట్టు, మా అత్తతో ఒక మాట అన్నాను. "ఏమోనత్తా, ఆ పిల్ల దగ్గు నాకు మంచిగా అనిపించడం లేదు." అంతే. ఒక్క వాక్యం. దాన్ని మా అత్త, పొద్దున్నే ఇంటింటికీ పాలు పోసే పాలమ్మితో అంది. పాలమ్మి ఎవరితో ఎవరితో అందో, కొన్నాళ్ళకు జమ్మలమడుగు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "మీ పక్కింటి పిల్లకు ఊపిరితిత్తులు సగం పోయినాయంట గదా, బిడ్డ జాగ్రత్త," అంది. నా వాక్యమే ఊళ్ళన్నీ తిరిగి, బలిసి, నా చెవికే వచ్చింది. నేను దాన్ని గుర్తుపట్టలేదు సరికదా, "చూసినావా అత్తా, నేను అప్పుడే చెప్పినా," అన్నాను.

ఇంతలో మున్నీకి పులివెందుల నుంచి సంబంధం వచ్చింది. ఆదివారం చూపులనగా ముందురోజు ఖాలా మా ఇంటికి వచ్చి, నా చేతులు రెండూ పట్టుకుంది.

"బేటీ, రేపు నువ్వు మా పిల్ల పక్కన కూర్చోవాల. వాళ్ళ చెవిలో ఎవరో వేసినారు, పిల్లకు రొమ్ము జబ్బని. ఎవరి నోరో అది, అల్లాకే తెలుసు. నువ్వు చదువుకున్నదానివి. డాక్టరు ఫోటో తీసినాడు, ఏమీ లేదన్నాడు అని నువ్వు చెప్పితే నమ్ముతారు. ఈ సంబంధం దగ్గు మాట మీద తప్పిపోయిందంటే, ఇంగొకరు మా గడప తొక్కరమ్మా."

వస్తాను ఖాలా అన్నాను. ఆ 'ఎవరి నోరో' అన్నమాట దగ్గర మాత్రం పాప గౌను సరిచేయడంలో నాకు చాలా పని పడింది.

ఆదివారం పాపను అత్తకు అప్పగించి, పట్టుచీర కట్టుకుని బయల్దేరుతూ బావను హెచ్చరించాను. అప్పటికే ఆయన పెట్టె నిండా కాయిళ్ళు పేర్చి బల్బులు వేశాడు. ఎండాకాలం, కూలర్ మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి.

"పక్కింటికి చుట్టాలొస్తాండారు బావా. వీధిలోకి వార్నీష్ వాసన రాకూడదు. ఫ్యాన్ ఫుల్లుగా పెట్టు."

"సరే మే," అన్నాడు బావ. ఆయన నా మాట కాదన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ రోజొకటి వాటిల్లో ఉండుంటే ఎంత బాగుండేది.

ఖాలా ఇంట్లో పెళ్ళికొడుకు తల్లి, మేనమామ, పెళ్ళికొడుకు, ముగ్గురూ వచ్చి ఉన్నారు. ఎండన పడి వచ్చిన చుట్టాలకు ఇంట్లోకెల్లా గొప్ప చోటు ఏది? కూలర్ ముందర. వాళ్ళను అక్కడే సోఫాలో కూర్చోబెట్టింది ఖాలా. కూలర్ నీళ్ళలో వట్టివేళ్ళు వేసి, పన్నీరు కూడా చల్లి, పెద్ద స్పీడులో పెట్టింది. (ఆ కూలర్ మోటారు నెల కిందట బావే చుట్టి ఇచ్చాడు. పొరుగువాళ్ళు కదా అని మామూలుకన్నా బలంగా చుట్టాడు.) టీపాయి మీద పూలకుండీకి ఆనించిన ఫోన్లో కువైట్ నుంచి మున్నీ నాయన, కొత్త చొక్కా వేసుకుని, మొహం మాత్రమే కనపడేట్టు కూర్చున్నాడు. మున్నీ తల మీద చున్నీ కప్పుకుని వచ్చి, షర్బత్ గ్లాసులు పెట్టి, నా పక్కన కూర్చుంది. దగ్గు ఆపుకోవడానికి కాబోలు, పెదాలు బిగబట్టి ఉంది.

పెళ్ళికొడుకు తల్లి మాటను చుట్టి చెప్పే మనిషి కాదు. షర్బత్ ఒక గుక్క తాగి గ్లాసు దించింది.

"పిల్ల బాగుండాది. దగ్గంట గదా?"

ఖాలా నా వైపు చూసింది. ఫోన్లోంచి మున్నీ నాయన కూడా చూశాడు. నేను వీపు నిటారు చేసుకున్నాను.

"అదేం లేదు పెద్దమ్మా. డాక్టరు ఎక్స్‌రే తీసి చూసినాడు. రొమ్ము శుభ్రంగా ఉందని..."

అక్కడ నాకే దగ్గు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. సాక్ష్యం చెప్పవలసిన మనిషిని, ఆ పిల్ల మోకాలు పట్టుకుని, వంగిపోయి దగ్గాను. నేను తేరుకునేలోగా మేనమామ మొదలుపెట్టాడు. ఆయన దగ్గు ఊరి పెద్దలు తీర్పు చెప్పే ముందు దగ్గే దగ్గు, గోడలు అదిరాయి. తర్వాత పెళ్ళికొడుకు. తర్వాత ఆ తల్లి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళెంట నీళ్ళు కారుస్తూ. మున్నీ ఒక్కతే అలవాటుపడిన దానిలాగా కూర్చుని, అందరినీ విడ్డూరంగా చూస్తోంది.

"ఏమైంది? ఏమైంది?" ఫోన్లోంచి కేకలు. "అందరూ ఏడుస్తాండారేంది? సంబంధం ఒద్దన్నారా? ఎవరన్నా చెప్పండప్పా!"

"ఇది అంటుకునే దగ్గేనమ్మో," అంది పెళ్ళికొడుకు తల్లి, లేచి నిలబడి. "కూర్చున్న కాసేపట్లోనే అందరికీ అంటుకుండాది. లేయప్పా, లేయండి, పోదాం."

"ఆగండి, ఆగండి," అంటూ ఖాలా కాళ్ళకు చేతులకు అడ్డం పడుతోంది. గాలి కోసం కిటికీ తెరుద్దామని నేను పోయాను. ఆ కిటికీ నిండా కూలరే ఉంది. దాని పక్కన వేలెడు సందులోంచి బయటికి చూశాను. అవతల మా గోడ. మా గోడకు మా గొట్టం. మా గొట్టం మూతి, వాన పడకుండా నేను ఎంతో తెలివిగా కిందికి తిప్పిన మూతి, సూటిగా కూలర్ వీపు మీదికి చూస్తోంది. దానికి కట్టిన పచ్చ పీలిక సర్రున సాగి, కూలర్ గడ్డికి అతుక్కుని రెపరెపలాడుతోంది.

మోటారు పదునెక్కలేదు. ఇన్నాళ్ళూ ఆ పీలికను లాగింది ఖాలా కూలరు. మా ఇంటి విషాన్ని నేను నెడుతుంటే, వాళ్ళ కూలర్ అందుకుని, పన్నీరు కలిపి, మగ్గం ముందర వంగి కూర్చున్న పిల్ల మొహం మీదికి పొద్దంతా విసిరింది. మా అంగడి వాసన ఆ ఇంటికి ముందునుంచీ అలవాటే, ఆ రోజు చుట్టాలకు తెలియకుండా దాన్ని వట్టివేళ్ళు కప్పేశాయి. కిటికీలు మూసుకోమన్నది నేను. కూలర్ ముందర కూర్చోమన్నది నేను.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి చేయి ఆగుతోంది. "ఒక్క నిమిషం," అని, చెప్పులు కూడా వేసుకోకుండా మా ఇంటికి పారిపోయాను. నేరుగా పోయి స్విచ్ కట్టేసి, ట్రంకు పెట్టె వెనకాల నేల మీద కూర్చున్నాను, దాగుడుమూతల పిల్లలాగా, పట్టుచీరతో.

"ఏమైంది మే? వాసన బయటికి పోతాందా?" అన్నాడు బావ.

"పోతాంది బావా. శానా బాగా పోతాంది." చెప్పాను. అంతా చెప్పాను. బావ చేతిలో తీగ చుట్ట జారిపోయి గదంతా దొర్లింది.

"పో. పోయి చెప్పు."

"నువ్వు చెప్పు బావా."

"నాకు తీగ చుట్టేదే వచ్చు. మాటలు రావు. గొట్టం కట్టింది నువ్వు, ఊరంతా చూపించింది నువ్వు."

గోడ అవతల ఖాలా గొంతు వినబడింది. బతిమాలడం అయిపోయి, ఏడుపులోకి దిగుతోంది. చెప్పుల చప్పుడు కూడా. వాళ్ళు గడప దిగారంటే మున్నీ దగ్గు పులివెందుల దాకా పోతుంది, ఇక దాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. నేను లేచాను. వీధిలో ఆ నాలుగడుగులూ ఎట్లా వేశానో గుర్తులేదు, గడపలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడటం మాత్రం గుర్తుంది.

"పోవద్దండి. దగ్గు పిల్లది కాదు. మాది."

"మీదంటే? మీ ఇంట్లో ఎవరికుండాది?" అంది పెళ్ళికొడుకు తల్లి, ఒక అడుగు వెనక్కి వేసి.

"ఎవరికీ లేదు. గొట్టానికి ఉంది."

ఆవిడ నన్ను చూసిన చూపులో, దగ్గుతో పాటు ఈ వీధిలో ఇంకో జబ్బు కూడా ఉన్నట్టుందన్న అనుమానం కనబడింది. నేను గబగబా వివరించబోయాను. వార్నీష్‌లో ఉండే ద్రవాలు, అవి ఆవిరయ్యే వేడి, గాలి పీడనం, బొగ్గు గుణం. ఎంత చెబితే అంత అయోమయంగా తయారైంది.

"అమ్మా, తల్లీ," అని మేనమామ చేతులు జోడించాడు. పెళ్ళికొడుకు తల్లి నా మాటకు అడ్డం వచ్చింది. "కతలొద్దు. చూపీయి."

అందరినీ కూలర్ పక్కకు తీసుకొచ్చాను. వేలెడు సందు కదా, వంతులవారీగా కన్ను పెట్టి చూడాల్సి వచ్చింది. మా ఫ్యాన్ నెట్టకపోతే కూలర్‌కు అందదు కాబోలు, పీలిక మామూలుగా వేలాడుతోంది. గదిలో దగ్గు కూడా ఆగిపోయిందని అప్పుడే అందరూ గమనించారు. నేను గోడ వైపు తిరిగి అరిచాను.

"బావా! వెయ్యి!"

అవతల ఫ్యాన్ గుర్రుమంది. పీలిక లేచి వచ్చి కూలర్ గడ్డికి అతుక్కుంది. మేనమామ దగ్గాడు. పెళ్ళికొడుకు దగ్గాడు.

"ఆపు బావా!"

పీలిక వాలిపోయింది. కాసేపటికి దగ్గూ ఆగింది.

"ఇంగొకసారి వేయమను," అన్నాడు మేనమామ. ఆయనకు ఇది బాగా నచ్చినట్టుంది. మళ్ళీ వేశాడు బావ, మళ్ళీ దగ్గారు. ఫోన్లోంచి మున్నీ నాయన, "నాకూ చూపీయండప్పా, ఫోను అట్ల తిప్పండి," అని మొరపెట్టుకుంటుంటే, పెళ్ళికొడుకే ఫోన్ తీసుకుని సందులోకి పెట్టి చూపించాడు. చూపిస్తూ చూపిస్తూ నవ్వడం మొదలుపెట్టాడు. చున్నీ చాటున మున్నీ కూడా నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడు తట్టింది నాకు.

పెళ్ళికొడుకు తల్లి తిరిగి సోఫాలో కూర్చుంది. కూర్చుందంటే సంబంధం నిలబడినట్టే. గ్లాసులో మిగిలిన షర్బత్ తాగేసి, నన్ను తీరిగ్గా ఎగాదిగా చూసింది.

"ఏం చదివినావమ్మా నువ్వు?"

"డిగ్రీ, పెద్దమ్మా. కెమిస్ట్రీ."

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "డిగ్రీ చదివిన పిల్లే కావాలని పట్టుబడితివి గదరా. చూసినావా?"

అందరూ నవ్వారు. ఫోన్లో కువైట్ కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఇంకేం చేయాలో తెలియక. ఖాలా ఒక్కతే నవ్వలేదు. నన్ను తిట్టనూ లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా చేతిలో కూడా ఒక షర్బత్ గ్లాసు పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే తాగేదాన్నేమో.

చుట్టాలు వెళ్ళిపోయాక, అదే సాయంత్రం, మున్నీ మా ఇంటికి వచ్చింది. అలవాటుగా గడప అవతలే ఆగిపోయింది. ఎంత ఒద్దికగా ఆగిందంటే, అక్కడ నేనేదో గీత గీసినట్టు. నేను చంకలో పాపతో నిలబడి, క్షమించమని ఎట్లా మొదలుపెట్టాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను. పొగ గురించి, గొట్టం గురించి, పైపు చాలకపోవడం గురించి. ఆ పిల్ల వాటి గురించి ఏమీ అడగలేదు.

"అక్కా, ఇప్పుడు పాపను ఎత్తుకోవచ్చా?"

తెలుసు. నిద్ర అని, నూనె అని, జలుబు అని నేను చెప్పిన ప్రతిసారీ ఆ పిల్లకు తెలుసు. తెలిసే, అవునా అక్కా, పాపం, అంది. నేను గడప దాటి అవతలికి పోయి పాపను చేతికిచ్చాను. అప్పటికి పాపకు కొత్త మొహాలంటే బెదురు వచ్చే వయసు. మున్నీ మొహంలోకి ఒక్క క్షణం తేరిపార చూసి, పెదవి విరిచి, నా వైపు చేతులు చాచి గుక్కపెట్టి ఏడ్చింది.

"మర్చిపోయింది," అంది మున్నీ. నవ్వుతూనే అంది. అని, ఏడుస్తున్న పాపను నాకు ఇచ్చేయకుండా, భుజాన వేసుకుని వీధిలో అటూ ఇటూ తిప్పసాగింది. ఏడుపు ఆగేదాకా తిప్పింది. నేను అక్కడే నిలబడి చూశాను. నా బిడ్డ ఏడుస్తుంటే పరుగెత్తి లాక్కోకుండా నిలబడటం నాకు అదే మొదటిసారి.

బావ ఆ మర్నాడే పైపు తుంట తెచ్చి, గొట్టాన్ని మిద్దె మీదికి, మిద్దె కన్నా ఎత్తుకు లేపాడు. ఖాలా కూలర్‌కు కొత్త గడ్డి కట్టించాడు. మున్నీ ఇప్పుడు పులివెందులలో ఉంది, వాళ్ళత్త ఖాలాకు ఎప్పుడు ఫోన్ చేసినా, "మీ పక్కింటి డిగ్రీ పిల్ల ఏం కడతాంది ఇప్పుడు?" అని అడుగుతుందట. మా అత్తకు కొత్త బేసిను కొనిచ్చాము గానీ, ఈ కథ చెప్పేటప్పుడు ఆవిడ పాత బేసిను దగ్గరే మొదలుపెడుతుంది. పాలమ్మితో తాను అన్న మాట దగ్గర మాత్రం గబగబా దాటేస్తుంది. నేను అందుకోను. ఆ మాట మొదట అన్నది నేనే కదా.

ఒక్కోసారి ఆ కాలపు నన్ను తలుచుకుంటాను. కొప్పు జారిపోయి, రవికె మీద పాల మరకతో, స్టూలు ఎక్కి, వెంటిలేటర్లోంచి పచ్చ పీలికను చూసి మురిసిపోతున్న పిల్లను. కోపం రాదు, ఎందుకో జాలే వస్తుంది. స్టూలు కింద నిలబడి, ఏయ్ పిల్లా, దిగి, ఒక్కసారి గోడవతలికి పోయి ఆ మూతి ఎటుందో చూసి రా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఫ్యాన్ చప్పుడు ఒకటి, పైగా చెవులు రెండూ ఉయ్యాల వైపే పెట్టి ఉంటుంది.